సీనియర్ టీమ్ సెలక్షన్స్‌కి వెళ్ళనా, ఉన్నచోటే ఉండనా?

అక్కా, నమస్తే. మాది చెన్నై, కొళత్తూరు. అమ్మావాళ్ళది నెల్లూరు, నాన్నావాళ్ళది గూడూరు, నేను పుట్టిందీ పెరిగిందీ మాత్రం ఇక్కడే. మొన్ననే 9వ క్లాసు పరీక్షలు అయిపోయాయి, నాకు 14 నిండాయి. స్కూల్లో అండర్-17 బాస్కెట్‌బాల్ టీమ్‌లో పాయింట్ గార్డ్‌ని, అంటే బాల్ ముందుకి తీసుకెళ్ళి అందరికీ అందించేదాన్ని, ఈ ఏడాది అన్ని మ్యాచుల్లోనూ ఫస్ట్ ఫైవ్‌లో, మొదట దిగే అయిదుగురిలో ఉన్నా. పోయిన వారం పీటీ సార్ పిలిచి జూన్‌లో సీనియర్ టీమ్‌కి సెలక్షన్స్ పెడుతున్నాం నువ్వు కూడా రామ్మా అన్నారు. సీనియర్ అంటే అండర్-19, అందులో అందరూ ప్లస్ వన్, ప్లస్ టూ చదివే అక్కలే. నా హైట్ 5 అడుగుల 1 అంగుళం, వాళ్ళ సెంటర్ అక్క, రింగు దగ్గర ఆడే ఆవిడ, 5.10 ఉంటుంది, ఆవిడ పక్కన నిలబడితేనే నాకు భయం. ఇంకోటి, 6వ క్లాసు నుంచి నాతో కలిసి ఆడే ఫ్రెండ్‌ని సార్ పిలవలేదు, అప్పట్నుంచి తను నాతో సరిగా మాట్లాడట్లేదు. అమ్మేమో వచ్చే ఏడాది టెన్త్, బోర్డ్ ఎగ్జామ్స్, ఆడపిల్లకి దీనివల్ల ఏమొస్తుంది అంటుంది. నాన్నేమో వెళ్ళు వెళ్ళు, స్పోర్ట్స్ కోటాలో ఐఐటీ కూడా వస్తుందట అంటారు. మా బావ అయితే మైకెల్ జోర్డాన్‌నే స్కూల్ టీమ్ నుంచి తీసేశారు, నిన్ను తియ్యకపోతే వింత అని ఏడిపిస్తున్నాడు. సెలెక్ట్ అయితే బెంచ్ మీద కూర్చోబెడతారేమో, కాకపోతే అందరూ నవ్వుతారేమో. ఏం చెయ్యమంటారు? రెండు నెలల నుంచి మోకాలి చిప్ప కింద కొంచెం నొప్పిగా ఉంటుంది మెట్లు ఎక్కేటప్పుడు, అది పెద్ద విషయం కాదులెండి, ఇంట్లో చెప్తే ఆట మాన్పించేస్తారని చెప్పలేదు. నా పేరు వెయ్యకండి ప్లీజ్.

అమ్మలూ, అంత పెద్ద ఉత్తరంలో నా కన్ను ముందు పడింది ఆఖర్న "పెద్ద విషయం కాదులెండి" అని నువ్వు దాచిపెట్టిన ఆ మోకాలి మీదే. సెలక్షన్స్ సంగతి తర్వాత, ముందు ఇది చూద్దాం.

నేను డాక్టర్ని కాదు, కానీ 30 ఏళ్ళుగా పిల్లల్ని కోర్టులో చూస్తున్నదాన్ని. నీ వయసులో ఎముక గబగబా పెరుగుతూ ఉంటుంది, తొడ కండరం మోకాలి చిప్ప మీదుగా వచ్చి చిప్ప కింద ఒక బుడిపెలాంటి చోట ఎముకకి పట్టుకుని ఉంటుంది, నువ్వు ఎగిరినప్పుడల్లా, సడన్‌గా ఆగినప్పుడల్లా ఆ కండరం ఆ బుడిపెని లాగుతుంది, పెరిగే వయసులో అక్కడ ఎముక ఇంకా మెత్తగా ఉంటుంది కాబట్టి నొప్పి, ఒక్కోసారి వాపు కూడా వస్తుంది. దీన్ని ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు, ఎగిరే ఆటలాడే పిల్లల్లో 10 నుంచి 15 ఏళ్ళ మధ్య చాలామందికి వస్తుంది, ఎదుగుదల ఆగాక చాలావరకు అదే తగ్గిపోతుంది. నీది అదే అని నేను చెప్పట్లేదు, ఆర్థోపెడిక్ డాక్టర్ చెయ్యి పెట్టి నొక్కి చూసి చెప్పాలి. ఆట మాన్పించేస్తారని కదా నీ భయం, ఇలాంటి నొప్పికి ఎక్కువసార్లు డాక్టర్లు చెప్పేది పూర్తిగా మానెయ్యమని కాదు, కొన్నాళ్ళు గెంతులు తగ్గించు, ఐస్ పెట్టు, తొడ కండరాలు సాగదియ్యి, బలం పెంచు అని. దాచిపెట్టుకుని రెండు టీముల ప్రాక్టీస్ చేశావనుకో, అప్పుడు నిజంగానే ఎవరో ఒకరు మాన్పించాల్సొస్తుంది. ఇవాళ రాత్రి అన్నాలు తినేటప్పుడు చెప్పెయ్యి. అమ్మ తిడుతుంది, తిట్టనీ.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు రెండు ప్రశ్నల్ని ముడేసి ఒకటిగా చేసుకుని భయపడుతున్నావు. సెలక్షన్స్‌కి వెళ్ళడం వేరు, టీమ్‌లో చేరడం వేరు. వెళ్ళడానికి నీకు అయ్యే ఖర్చు ఒక పూట, ఒక సీసా నీళ్ళు. పైగా నిన్ను పిలిచింది సార్, నువ్వు వెళ్ళి నన్ను చూడండి అని అడగలేదు. నీ ఆటలో ఏదో కనపడకుండా ఏ పీటీ సారూ ఎండాకాలంలో ఒక తొమ్మిదో క్లాసు పిల్లని పిలిచి చెప్పడు, వాళ్ళకి పనిలేక కాదు. అందుకని వెళ్ళు. దాని గురించి ఇంక ఆలోచించకు.

చేరాలా వద్దా అన్నదే అసలు ఆలోచించాల్సింది, దానికి ఒక లెక్క చెప్తా. టీమ్ అంటే 12 మంది, కోర్టులో ఉండేది అయిదుగురు. మ్యాచ్ నాలుగు క్వార్టర్లు, ఒక్కోటి పది నిమిషాలు, మొత్తం 40. అయిదుగురికి నలభయ్యేసి అంటే 200 నిమిషాలు, ఇదీ 12 మందీ పంచుకోవాల్సిన ఆస్తి. గట్టి మ్యాచ్ అయితే ఫస్ట్ ఫైవే అందులో 150, 160 నిమిషాలు తినేస్తారు, మిగిలిన నలభయ్యో యాభయ్యో ఏడుగురు పంచుకోవాలి, అదీ సమానంగా కాదు, ఆరో అమ్మాయికి పదిహేను, ఏడో అమ్మాయికి పది, అలా పోతూ పోతూ పన్నెండో అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి సున్నా. నువ్వు ఎన్నో అమ్మాయివి అన్నదే ప్రశ్న. సీనియర్ టీమ్ జెర్సీ వేసుకుని పన్నెండో దానివి అయితే నీకు వచ్చేది జెర్సీ, ఫొటో.

ఇది నేను పుస్తకం చదివి చెప్పట్లేదు, నా ఒంటి మీద పడ్డదే. మాది పెరంబూరు, 80ల్లో స్కూల్ టీమ్‌లో నేనూ నీలాగే చక్రం తిప్పినదాన్ని. కాలేజీలో ఫస్ట్ ఇయర్‌లోనే మెయిన్ టీమ్‌లోకి తీసుకున్నారని మా వీధి వీధంతా చెప్పుకున్నాం, మా నాన్న కొత్త కాన్వాస్ బూట్లు కొన్నారు. రోజూ పొద్దున్నే 29సీ బస్సులో నిలబడి వెళ్ళేదాన్ని ప్రాక్టీసుకి. ఆ ఏడాది మొత్తం మీద మ్యాచుల్లో నేను కోర్టులో ఉన్నది ఎంతసేపో తెలుసా, లెక్కపెట్టుకునేదాన్ని కాబట్టి చెప్తున్నా, 19 నిమిషాలు. అదీ మేము ముప్ఫై పాయింట్ల తేడాతో గెలుస్తున్నప్పుడో ఓడుతున్నప్పుడో. ఎందుకు ఆడించట్లేదు అని కోచ్‌ని ఒక్కరోజు కూడా అడగలేదు, అడిగే ధైర్యం లేదు, ఆయనా చెప్పలేదు. అలా అని ఆ ఏడాది వేస్ట్ అయిందా అంటే అదీ అనలేను. రోజూ ప్రాక్టీస్‌లో నాకంటే పెద్దవాళ్ళు మీద పడుతుంటే నా డ్రిబ్లింగ్ గట్టిపడింది, ఎడమ చేత్తో లేఅప్, అదే రింగు దగ్గరికి పరుగెత్తి ఎగిరి బాల్ వెయ్యడం, ఆ ఏడాదే వచ్చింది. పోయింది ఏంటంటే మ్యాచ్ ధైర్యం. రెండో ఏడాది నన్ను దింపితే చేతులు వణికాయి, ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డం రాకుండా వేసే ఫ్రీ త్రో వేస్తే రింగుకి కూడా తగల్లేదు.

కాబట్టి నా మాట ఇది. పెద్దవాళ్ళతో ప్రాక్టీసూ కావాలి, నీ వయసువాళ్ళతో మ్యాచ్ నిమిషాలూ కావాలి, రెండూ దొరికే దారి ఉందేమో చూడు. జూన్ దాకా ఆగకుండా ఇప్పుడే సార్ దగ్గరికి వెళ్ళి అడుగు, నువ్వే వెళ్ళు, నాన్నని తీసుకెళ్ళకు. "సార్, సీనియర్ టీమ్‌లో నన్ను దేనికి అనుకుంటున్నారు, ఈ ఏడాదే ఆడిస్తారా, వచ్చే ఏడాదికి తయారు చేద్దామనా?" అను. ప్లస్ టూ అక్కలు వెళ్ళిపోతే వచ్చే ఏడాదికి గార్డ్ ఉండరు, అందుకు ఇప్పట్నుంచే నిన్ను పెడుతున్నారేమో, చాలామంది సార్లు అలాగే చేస్తారు, అది తప్పేం కాదు, కానీ నీకు తెలియాలి. ఆ తర్వాత ఇంకోటి అడుగు, ఇదే ముఖ్యం: "సీనియర్ లిస్టులో నా పేరు పంపితే ఈ సీజన్‌లో అండర్-17 ఆడనిస్తారా?" ఒక పోటీకి ఒక రూల్ ఉంటుంది, ఇంకోదానికి ఇంకోటి ఉంటుంది, సీబీఎస్ఈ క్లస్టర్ మ్యాచులకి ఒకలా, జిల్లా పోటీలకి ఒకలా, మీ స్కూల్ వేటికి వెళ్తుందో దానికి రూల్ ఏంటో సార్‌కి తెలుస్తుంది. పైన బెంచ్, కింద ఆడటానికి లేదు అంటే మాత్రం, నన్నడిగితే ఈ ఒక్క ఏడాదికి వద్దు అనెయ్యి, ప్రాక్టీస్‌కి మాత్రం వాళ్ళతో రానివ్వమని అడుగు. పైన బెంచ్ అయినా కింద ఆడనిస్తారు అంటే కళ్ళు మూసుకుని చేరు, మోకాలికి డాక్టర్ సరే అంటేనే సుమా, ఎందుకంటే అప్పుడు ప్రాక్టీసులు డబుల్ అవుతాయి.

మీ బావకి చెప్పు, జోర్డాన్ కథ అతను విన్నది సగమే. 1978లో అమెరికాలో విల్మింగ్‌టన్ అనే ఊళ్ళో లేనీ హైస్కూల్, పిల్లాడికి 15 ఏళ్ళు, హైట్ 5.10. అక్కడ స్కూళ్ళలో వర్సిటీ అని పెద్ద టీమ్, జూనియర్ వర్సిటీ అని దాని కింద టీమ్ ఉంటాయి. పెద్ద టీమ్‌కి పొడుగు కావాల్సొచ్చి అదే క్లాసులో 6.7 ఉన్న ఇంకో అబ్బాయిని తీసుకున్నారు, జోర్డాన్‌ని కింద టీమ్‌లో వేశారు. తీసెయ్యలేదు. ఇంటికెళ్ళి ఏడ్చాడట, నిజమే, కానీ ఆ ఏడాదంతా కింద టీమ్‌లో మ్యాచ్ మొత్తం అతనే ఆడాడు, అతనే స్కోర్ చేశాడు. పైన బెంచ్ మీద కూర్చుని ఉంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు గానీ, ఆడుతూ పెరిగాడన్నది మాత్రం వాస్తవం. ఈ కథని పోస్టర్ల మీద వేసేవాళ్ళు ఈ ముక్క వదిలేస్తారు.

హైట్ గురించి. అండర్-17కీ అండర్-19కీ కోర్టు అదే, 28 మీటర్లు 15 మీటర్లు, రింగు అదే పది అడుగులు, అమ్మాయిల బాల్ అదే 6 నంబర్. మారేది మనుషులు. ఇప్పుడు నీకు ఖాళీగా కనిపించే పాస్ అక్కడ మూసుకుపోతుంది, ఎందుకంటే వాళ్ళ చేతులు పొడుగు, అడుగు తొందర. బాల్ నీ చేతికి రాగానే ఇద్దరు మీద పడతారు, ఎనిమిది సెకన్లలో హాఫ్ లైన్ దాటించాలి, దాటించలేకపోతే బాల్ పోతుంది. గార్డ్‌కి అసలు పరీక్ష ఇక్కడే, సెంటర్ అక్క 5.10 ఉంటే నీకేంటి, ఆవిడ నీ టీమే కదా, నీ పని బాల్‌ని ఆవిడ చేతికి చేర్చడం. ఆవిడ పొడుగు నీకు వరం తల్లీ, లాబ్ పాస్ కొంచెం ఎత్తులో వేస్తే ఎవరికీ అందదు ఆవిడకి తప్ప. 5.3 ఉన్న మగ్సీ బోగ్స్ అమెరికాలో పెద్ద లీగ్ ఎన్‌బీఏలో 14 సీజన్లు ఆడాడు, ఈ ఉదాహరణ అందరూ చెప్తారు, నేనూ చెప్పేశా. ఈ రెండు నెలలూ ఎగిరే పని పెట్టుకోకుండా మీ బావనీ ఇంకొకర్నీ మీద పడమని చెప్పి రెండు చేతులతో డ్రిబ్లింగ్ చెయ్యి, ఏడిపించడం కంటే ఆ పిల్లాడికి అదే మంచి పని. ఫ్రీ త్రోలు రోజూ వెయ్యి, అవి నిలబడి వేసేవే. ఎండ పోయాక, అయిదున్నర తర్వాత, మే నెలలో మద్రాసు సిమెంట్ కోర్టు మీద మధ్యాహ్నం ఆడితే బూటు అడుగు కూడా కాలుతుంది.

నీ ఫ్రెండ్ సంగతి నాకు ఎక్కువ బాధనిపించింది నిజం చెప్పాలంటే. తను కోపంగా లేదు, తనకి సిగ్గుగా ఉంది. నువ్వు వెళ్ళి నేను వెళ్ళనులే నీ కోసం అన్నావనుకో, అది తనకి ఇంకా అవమానం, జన్మలో మర్చిపోదు. వెళ్ళి ఓదార్చకు కూడా. సాయంత్రం ఫోన్ చేసి నాకు ప్రాక్టీస్‌లో మీద పడటానికి మనిషి కావాలి వస్తావా అని అడుగు. వస్తే వచ్చినట్టు. రాకపోతే రెండు రోజులాగి మళ్ళీ అడుగు. సెలక్షన్స్ ఓపెన్‌గా పెడుతుంటే, పిలవనివాళ్ళు కూడా రావచ్చేమో సార్‌ని కనుక్కో, కానీ తనని తీసుకోమని మాత్రం రికమెండ్ చెయ్యకు.

ఇంక అమ్మా నాన్నా. అమ్మగారు ఇది చదువుతారని నాకు తెలుసు, అందుకని ఆవిడకే చెప్తా. చెల్లెమ్మా, టెన్త్ భయం న్యాయమైందే. ప్రాక్టీస్ గంటన్నర, రానూపోనూ ఇంకో అరగంట, ఇంటికొచ్చి స్నానం చేసి కూర్చునేసరికి ఏడున్నర, అప్పుడు నిద్ర తగ్గించి చదివిస్తే మాత్రం చదువూ పోతుంది ఆటా పోతుంది, ఈ వయసు పిల్లకి ఎనిమిది గంటలు తక్కువ కాకుండా నిద్ర కావాలి. జనవరి నుంచి పరీక్షలయ్యే దాకా ఆట బంద్ అని ఇప్పుడే సార్‌తో పిల్ల చేతే చెప్పించండి, అక్టోబర్‌లో సడన్‌గా మాన్పించకండి. ఆడపిల్లకి ఏమొస్తుంది అన్నారు కదా, మన చెన్నై పిల్లే అనితా పాల్‌దురై, 19 ఏళ్ళకే ఇండియా టీమ్ కెప్టెన్ అయింది, 18 ఏళ్ళు దేశానికి ఆడింది, సదరన్ రైల్వేలో ఉద్యోగం, 2021లో పద్మశ్రీ. 2017లో బెంగళూరు కంఠీరవ స్టేడియంలో ఆసియా కప్ డివిజన్ బీ ఫైనల్లో కజకిస్తాన్ మీద 75-73తో గెలిచిన టీమ్‌కి ఆవిడే కెప్టెన్. అందరూ అనితలు అవ్వరు, అది నాకూ తెలుసు. అవ్వకపోయినా ఫరవాలేదు, ఒక పిల్ల ఒళ్ళు వంచి రోజూ గంటన్నర ఆడటమే ఎంత, మన కాలంలో మనకి దొరికిందా చెప్పండి.

నాన్నగారూ, మీరు విన్నది తప్పు కాదు, ఐఐటీ మద్రాసు 2024లో స్పోర్ట్స్ కోటా మొదలుపెట్టింది, ఒక్కో బీటెక్ కోర్సుకి రెండు సీట్లు అదనంగా, అందులో ఒకటి అమ్మాయిలకే. అయితే జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంక్ లిస్టులో పేరు ఉండాల్సిందే, పైన నేషనల్ స్థాయిలోనో ఇంటర్నేషనల్‌లోనో మెడల్ కూడా ఉండాలి. అంటే చదువు తగ్గించుకుని పోయే అడ్డదారి కాదది, రెండు కొండలు ఎక్కాలి. తమిళనాడు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లోనూ స్పోర్ట్స్ కోటా ఉంది, అక్కడా సర్టిఫికెట్ల లెవెల్ చూస్తారు. సీటు లెక్క వేసుకుని పిల్లని కోర్టుకి పంపారంటే ఒక్క మ్యాచ్ ఓడగానే ఆ పిల్ల మీ మొహం చూస్తుంది. అప్పుడు మీ మొహం ఎలా ఉంటుందో ఇప్పుడే ఆలోచించుకోండి.

నవ్వుతారేమో అన్నావు కదమ్మలూ, సెలెక్ట్ కాకపోతే. నవ్వుతారు. మూడు రోజులు నవ్వుతారు, నాలుగో రోజు ఇంకెవరో దొరుకుతారు. సార్ ఏమన్నారో, డాక్టర్ ఏమన్నారో రెండూ నాకు రాయి, డాక్టర్‌ది ముందు రాయి.

మేడమ్, వేళచ్చేరి నుంచి రాస్తున్నాను. మావాడికి 12 ఏళ్ళు, అండర్-14 సెలక్షన్‌లో తీసుకోలేదు, రెండు రోజులు అన్నం తినలేదు. పొట్టిగా ఉన్నాడని తీసుకోలేదంటున్నాడు. నేను వెళ్ళి సార్‌తో మాట్లాడనా? రోజూ బార్ పట్టుకుని వేలాడితే, బాస్కెట్‌బాల్ ఆడితే హైట్ పెరుగుతారంటారు, నిజమేనా? పెద్ద బాల్ కూడా కొనిచ్చాను ప్రాక్టీస్‌కి.

తమ్ముడూ, వెళ్ళకండి. మీరు వెళ్తే సార్ మీకు మర్యాదగా ఏదో చెప్పి పంపించేస్తారు, వాడికి ఉపయోగపడే ముక్క ఒక్కటి రాదు. వాణ్ణే వెళ్ళమనండి, ఎందుకు తీసుకోలేదు అని కాకుండా వచ్చే ఏడాదికి నేను ఏం నేర్చుకుని రావాలి సార్ అని అడగమనండి, ఆ ప్రశ్నకి సార్లు కరిగిపోతారు. రెండు రోజులు అన్నం మానేశాడంటే ఆట మీద ఇష్టం ఉన్నట్టే, మూడో రోజు తింటాడు.

వేలాడితే ఎముకలు సాగవు. బాస్కెట్‌బాల్ ఆడితే పొడుగవరు, పొడుగున్నవాళ్ళని బాస్కెట్‌బాల్‌కి లాక్కుంటారు, మనం చూసి తిరగేసి అనుకుంటాం. మీదీ మీ ఆవిడదీ హైట్, వాడు తినే తిండి, నిద్ర, ఇవే. మగపిల్లలు చాలామంది 12, 15 మధ్య ఒక్కసారిగా సాగుతారు, కొందరికి ఇంకా లేటు, క్లాసులో ఇవాళ పొట్టిగా ఉన్నవాడు రెండేళ్ళ తర్వాత ఆఖరి బెంచీకి పోతాడు. అందాకా పొట్టివాడికి పనికొచ్చే డ్రిబ్లింగ్, పాసింగ్ నేర్పండి, తర్వాత హైట్ వచ్చినా అవి ఎక్కడికీ పోవు.

ఆ పెద్ద బాల్ సంగతి మాత్రం నాకు నచ్చలేదు. దాని మీద 7 అని ఉందా? అది పెద్ద మగవాళ్ళ బాల్, అరకిలో మీదే బరువు, పన్నెండేళ్ళవాడు దాన్ని పదడుగుల రింగుకి అందించాలంటే భుజం మీంచి విసరాలి, షూటింగ్ చెయ్యి వంకర అయిపోతుంది, తర్వాత సరిచెయ్యడానికి మాలాంటివాళ్ళ ప్రాణం పోతుంది. 12 ఏళ్ళ లోపు పిల్లల మినీ బాస్కెట్‌బాల్‌కి రింగే 2.60 మీటర్ల ఎత్తులో పెడతారు, బాల్ 5 నంబర్. మీవాడు ఇప్పుడే ఆ వయసు దాటాడు, సన్నగా ఉంటే 5, కొంచెం బలంగా ఉంటే 6 కొనండి, మీవాళ్ళ స్కూల్ టీమ్ ఏది వాడుతుందో అడిగి మరీ కొనండి. 7 నంబర్‌ది మీరు పెట్టుకోండి, సాయంత్రం వాడికి పాస్‌లు వెయ్యడానికి మీకూ ఒకటి కావాలి కదా.